దివిటీ మర్యాద

సుందరరాజ నాయక్కరు పేరుకు ఇంకా పాళెగారే. కంపెనీ వారు ఆయన కోట గోడ పడగొట్టించారు, తుపాకులు బళ్ళకెత్తించుకుపోయారు, బంటులందరినీ ఇళ్ళకు పంపేశారు. ఆఖరికి మిగిల్చింది ఒక్క దివిటీ. తాతల నాటి మర్యాద అది. నాయక్కరు ఎక్కడ కూర్చుంటే అక్కడ, మిట్టమధ్యాహ్నమైనా సరే, వెనక ఒకడు వెలిగే దివిటీ పట్టుకుని నిలబడాలి. దానివల్ల రాజ్యానికి వచ్చే ముప్పేమీ లేదని తెల్లదొరలు వదిలేశారు. కంపెనీ తనకు జడిసి వదిలేసిందని నాయక్కరు చెప్పుకునేవారు. ఎండలో దివిటీ మోసే ముసలి మారి ఏమనుకునేవాడో ఎవరూ అడగలేదు.

మదురైకి పడమటగా ఉన్న ఆ ఊళ్ళో ఏటా కోతలయ్యాక తోలుబొమ్మలాట ఉండేది. ఆడించేది అమరావతి. మొగుడు పోయాక బొమ్మల పెట్టె తనే నెత్తికెత్తుకుని, రాజు గొంతూ రాణి గొంతూ దొంగ గొంతూ తనే పలుకుతూ మేళాన్ని నడుపుతోంది. ఆట అరమన లోపలి వాకిట్లో జరిగేది. చూసేవారు నాయక్కరూ ఆయన చుట్టాలూ. చుట్టాలు గణపతి ప్రార్థనకే కునుకు తీసేవారు. నాయక్కరు తెర ముందు కూర్చున్నా, నలుగురూ తనను చూస్తున్నారా లేదా అని చూసుకోవడంతోనే ఆయనకు పొద్దు చాలేది కాదు. ఆ బొమ్మలకు మేకతోళ్ళు పదును చేసి ఇచ్చే పేట జనం మాత్రం గోడ అవతల నిలబడి చెవులు రిక్కించేవారు. వాళ్ళు లోపలికి రాకూడదు. ఎందుకు రాకూడదంటే, ఎప్పుడూ రాలేదు గనక.

ఆ ఏడు తోళ్ళు ఇవ్వడానికి వచ్చిన వీరాయి అమరావతిని ఒక మాట అడిగింది. గోడ అవతల నుంచి విని విని ఆమెకు ఆట మొత్తం నోటికొచ్చు. వానను కుండలో మూసిపెట్టుకున్న పిసినారి రాజు కథంటే మరీ ప్రాణం.

"ఆ రాజు ఎట్ల ఉంటాడు అక్కా? మీసం ఉండాదా?" అంది.

ఆ రాజు బొమ్మను కోసింది వీరాయి పదును చేసిన తోలుతోనే. అమరావతికి గుండె కలుక్కుమంది. కొంగు దులుపుకుని తిన్నగా అరమనకు నడిచింది.

"తెర ముందర ఎవురైనా కూచ్చుంటారు దొరా. తెర ఎనక, బొమ్మల పక్కన కూచ్చునే మరియాద తమరికి తప్ప ఎవురికి ఉండాది?" అంది నాయక్కరుతో.

మర్యాద అనే మాట చెవిన పడితే నాయక్కరుకు తక్కిన మాటలు వినపడవు. తెర పెద్ద వాకిలికి అడ్డంగా కడతామనీ, లోపలి వైపు తమరుంటారనీ, అవతలి వైపు ఊరికే వీధి ఉంటుందనీ ఆమె చెప్పుకుపోయింది. అన్నిటికీ తలూపి, మరి నా దివిటీ సంగతేమిటని అడిగారాయన. అది తమ వెనకాలే ఉండాలని అమరావతి ఎంతో వినయంగా చెప్పింది.

దీపాలు పెట్టే వేళకు పేట పేటంతా వీధిలో కూర్చుంది. లోపల నాయక్కరు జరీ తలపాగాతో కుర్చీలో వెలిగిపోతున్నారు. ఆయన ఎదుట ఉన్నవి ఆముదం దీపాల పొగ, మేళగాళ్ళ చెమట వీపులు. బొమ్మలు కనిపించీ కనిపించనట్టున్నాయి. చుట్టాలు దగ్గుకుంటూ ఒక్కొక్కరే జారుకున్నారు. పెద్ద మర్యాదలు ఇలాగే ఉంటాయి కాబోలనుకుని నాయక్కరు దగ్గు దిగమింగారు.

రాజు రావలసిన ఘట్టం వచ్చింది. అమరావతి బొమ్మ ఎత్తలేదు. రాజు వేంచేస్తున్నాడని పాడి ఊరుకుంది. వీధి గొల్లున నవ్వింది. ఏమిటా అనుకుంటూ నాయక్కరు దోమను తోలుకున్నారు. ఇంకా పెద్ద నవ్వు. మీసం దువ్వారు. ఈలలు పడ్డాయి. అప్పుడాయన తెర వైపు చూశారు. తెర నిండా గడ్డివామంత తలపాగా, దాని కింద మీసం. రెండూ తనవే. వెనక దివిటీ, ముందు తెర, మధ్యలో తాను.

ఒళ్ళు మండిపోయింది. లేచి అరుద్దామంటే తెర మీద రాజు కూడా లేస్తాడు. బిగుసుకుని కూర్చున్నారు. ఈ రాజు దానానికి చెయ్యెత్తడు చూడండని అమరావతి దాన్నీ పాటలో కలిపేసింది. ఇక పట్టలేక, దివిటీ ఆర్పెయ్యమన్నారు నాయక్కరు. కంపెనీ వారికి కూడా దక్కని విజయం అది. మారి ఆ మాట కోసమే బతుకుతున్నవాడిలా చప్పున ఆర్పేశాడు.

ఎవరెవరు నవ్వారో చూసి పెట్టుకుందామని, నాయక్కరు తలపాగా చంకన పెట్టుకుని దిడ్డి వాకిలి గుండా వీధిలోకి వచ్చి చీకట్లో జనం వెనక కూలబడ్డారు. ముఖాలు వెతకాలని వచ్చినవారు తెర చూస్తూ ఉండిపోయారు. ఎండిన పొలంలో రైతు ఆకాశం కేసి చేతులు చాస్తున్నాడు. రంగులు దీపంలా వెలుగుతున్నాయి. ఇన్నేళ్ళూ తన వాకిట్లో జరిగింది ఇదా అని ఆయనకు సిగ్గేసింది. ఇంతలో అసలు తోలు రాజు తెర మీదికి వచ్చాడు.

పక్కనున్న వీరాయి, ఎవరో ఏమో తెలియక, ఆయన వైపు వంగింది. "ముందర వచ్చిన రాజే బాగుండె అన్నా. ఈయనకి మీసం ఉండాది గాని ఉసురు లేదు."

నాయక్కరును మెచ్చుకున్నవారు ఇంతకాలం ఒకరు భయంతో మెచ్చుకున్నారు, ఒకరు గింజల కోసం మెచ్చుకున్నారు. ఈమెకు ఆయనతో ఏ పనీ లేదు. ఆయన కళ్ళు చెమర్చాయి. ఆముదం పొగ వీధిదాకా వచ్చిందని సరిపెట్టుకున్నారు.

లేచి, వచ్చిన దారినే లోపలికి పోయారు. తలపాగా పెట్టుకుని కుర్చీలో కూర్చుని, దివిటీ మళ్ళీ వెలిగించమని మారికి సైగ చేశారు. అమరావతి వెనక్కి తిరిగి చూసింది. తోలు రాజును మెల్లగా కిందికి దించింది.

"కుండ పగిలినప్పుడు రాజు ఏం సెయ్యాల?" అని నాయక్కరు గొంతు తగ్గించి అడిగారు.

"కింద పడాల దొరా."

నాయక్కరు తలపాగా సర్దుకున్నారు.

"ఏ పక్కకి?"