మొదటి ముక్క

సాలూరులో లారీలు ఆగే చోట డేవిడ్‌రాజు కోడి కాల్చి అమ్మేవాడు. అతని పొయ్యి ఒక పాత లారీ చక్రం రిమ్ము. అందులో బొగ్గులు పోసి, పైన ఇనప చువ్వలు పరిచి, విసనకర్రతో విసురుతూ పొగలో నిలబడేవాడు. రోజూ కాలిన మొదటి ముక్క పెళ్ళాం సువార్తమ్మకు పెట్టేవాడు. ఆవిడ ఉప్పు చాలదంటే చాలనట్టే, మాడిందంటే మాడినట్టే. డ్రైవర్లందరూ వినేలా అన్నా అతను నొచ్చుకునేవాడు కాదు. "దీని నాలుక్కి మొగమాటం నేదురా," అని గొప్పగా చెప్పుకునేవాడు.

ఆ పొగే అతన్ని తినేసింది. దగ్గి దగ్గి పోయాడు. ఇప్పుడు రిమ్ము దగ్గర కోడలు మెర్సీ నిలబడుతోంది. కొడుకు బెన్హర్ ముక్కలు కోసి మసాలా పట్టించి ఇస్తాడు.

ఆ ఎండాకాలం బెన్హర్ ఆటోలో ఒక పింగాణీ పొయ్యి తెచ్చాడు. అరకు దారిలో ఏదో రిసార్టు మూసేస్తూ సామాన్లు అమ్ముతోందట. మూతతో సహా పెద్ద గుడ్డులా ఉంది. నలుగురు మనుషులు పట్టి దింపేసరికి నడుములు విరిగాయి.

"ఏటప్పా, నిప్పుకోడి గానీ గుడ్డెట్టిందేటి మీ ఇంటికాడ?" అన్నాడు లారీ డ్రైవరు దాలయ్య.

"ఈ గుడ్డు కరీదుకి పాడిగేదె వస్తాది," అంది సువార్తమ్మ కడుపుమంటతో.

"ఇంకా డబ్బులివ్వలేదే అమ్మా," అన్నాడు బెన్హర్. "ఆదివారం దాకా వాడి సూసుకోమన్నారు. నువ్వు తిని సెప్పు. బాగుందంటే ఉంచుదుం, నేదంటే ఇచ్చీద్దుం."

ఆ సాయంత్రం మెర్సీ లోపల బొగ్గులు రాజేసి, ముక్కలు పెట్టి మూత వేసింది. విసరాల్సిన పని లేదు. పైనున్న కంతలోంచి దారంలా సన్నటి పొగ వచ్చిందంతే. ఆ వేళప్పుడు కోడలు కూర్చుని ఉండగా సువార్తమ్మ చూడటం అదే మొదలు.

ముక్క ఆకులో వచ్చింది. పైన కరకర, లోపల ఎముక దాకా రసం. పంటికింద బూడిద తగల్లేదు. ఇన్నేళ్ళలో మొగుడి చేతి మీద ఇలాంటి ముక్క తినలేదు, అనుకుంది. అనుకోగానే ఆయన కూర్చునే బల్ల మీద పరాయివాణ్ణి కూర్చోబెట్టినట్టు బెదిరిపోయింది.

"ఎలాగున్నాది అత్తా?" అంది మెర్సీ ఆశగా.

"సప్పగా ఉన్నాది. మీ మావ సేతి ముందు ఇదేటి?"

బెన్హర్ పొయ్యి మీద గోనె కప్పేశాడు.

మర్నాటి నుంచి మళ్ళీ రిమ్మే. మెర్సీ ముక్కుకి కొంగు అడ్డం కట్టుకుని విసిరేది. విసిరి విసిరి వంగిపోయి దగ్గేది. పక్కన ఉల్లిపాయలు ఒలుస్తూ సువార్తమ్మ వినేది. ఆ దగ్గు ఆవిడకు కొత్త కాదు. ముందు గొంతులో ఉంటుంది. తరవాత గుండెల్లోకి దిగుతుంది.

ఆదివారం చర్చిలో ప్రార్థనకు కళ్ళు మూసుకుంటే డేవిడ్‌రాజు కనిపించాడు. తిట్టలేదు. చేతిలో ముక్క పట్టుకుని, ఏమంటుందోనని ఎదురు చూస్తున్నాడు. బతికున్నన్నాళ్ళూ ఆయన నిజమే అడిగాడు, పొగడమనలేదు. అడగని పొగడ్త ఆయనకిచ్చి, దాని ఖరీదు కోడలి ఊపిరితో కట్టించింది తను. వెనక వరసలో మెర్సీ దగ్గింది. సువార్తమ్మ కళ్ళు తెరిచేసింది.

మధ్యాహ్నం ఆటో వచ్చింది. పొయ్యి ఎక్కించి తాళ్ళు కడుతున్నారు.

"దించండిరా," అంది సువార్తమ్మ.

"ఏటే అమ్మా?"

"నాను అబద్దమాడినాను. బాగున్నాది. మీ అయ్య కాల్సినదాని కన్నా బాగున్నాది."

బెన్హర్ తాడు వదిలేశాడు. "తెలుసునే. ఎముక కూడా నాకీసినావు గదా."

"తెలిసీ ఎందుకిచ్చీస్తన్నావురా?"

"నువ్వు వద్దన్నావు గదా."

ఆవిడే వెళ్ళి తాళ్ళు విప్పసాగింది.

సాయంత్రం మెర్సీ మొదటి ముక్క తెచ్చి చేతిలో పెట్టి, పోయి స్టూలు మీద కూర్చుంది. సువార్తమ్మ నెమ్మదిగా నమిలింది.

"ఉప్పెక్కువైపోనాదే," అంది, అందరికీ వినిపించేలా.

దాలయ్య పకపకా నవ్వాడు. గోడవారన బోర్లించిన రిమ్ము వైపు మాత్రం ఆవిడ ఆ పూట చూడలేకపోయింది.