ట్రాక్‌ప్యాడ్ మొరాయించిన శుక్రవారం

ఆ శుక్రవారం మధ్యాహ్నం రెండుంబావుకి కుసుమ ల్యాప్‌టాప్‌లో బాణం గుర్తు తెర మధ్యలో ఆగిపోయింది. ట్రాక్‌ప్యాడ్ మీద వేలు ఎంత రాసినా కదల్లేదు. అన్నం తిన్న చేతుల జిడ్డేమోననుకుని వెళ్ళి సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని వచ్చింది. అయినా కదల్లేదు.

కుసుమ ఇల్లు సిడ్నీలో ఎడ్మండ్‌సన్ పార్క్‌లో. వృద్ధుల సంరక్షణ కేంద్రాలు మూడింటిని నడిపే ఒక సంస్థకు ఆమె రోస్టర్లు వేస్తుంది. ఏ నర్సు, ఏ వంటమనిషి, ఏ రోజు ఏ షిఫ్టుకు రావాలో పట్టిక తయారుచేసి, ప్రతి శుక్రవారం నాలుగింటికల్లా అందరి ఫోన్లకూ వెళ్ళేలా చెయ్యాలి. నాలుగు దాటితే శనివారం పొద్దున ఎవరు డ్యూటీకి రావాలో ఎవరికీ తెలియదు. ఈ పని తెలిసిన ఇంకొకామె జయశ్రీ ఆ వారం సెలవులో ఉంది. ఇక ఆరు పేర్లు వేసి, ‘పబ్లిష్’ అన్న బటన్ నొక్కితే అయిపోయేది, అంతలో ఇలా జరిగింది.

మౌస్ కోసం సొరుగులన్నీ వెతికి, కూతురు గీతికకు మెసేజ్ పెట్టింది. “సారీ అమ్మా, నా బ్యాగ్‌లో ఉంది. నేను యూనివర్సిటీలో ఉన్నా” అని జవాబొచ్చింది. కారు భర్త బాలమురళి తీసుకెళ్ళాడు. కుసుమ లివర్‌పూల్ ఆఫీసులోని ఐటీ హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేసింది.

ఎత్తినతను భార్గవ్ అని చెప్పి, ఇంగ్లిష్‌లో వివరాలు అడిగాడు. ల్యాప్‌టాప్ ఆపి మళ్ళీ పెట్టమన్నాడు. పెట్టింది. బాణం గుర్తు ఈసారి తెర మూలన నిలబడింది.

“చచ్చాం పో,” అంది కుసుమ తనలో తాను.

అవతల నవ్వు వినిపించింది. “మేడమ్, తెలుగా మీరు?”

“అయ్యో, వినపడిందా! అవునండీ, మాది తెనాలి. మీది?”

“వరంగల్ అక్కా. పరేషాన్ గాకుండ్రి, చూద్దాం.”

కుసుమకు కొంచెం ధైర్యం వచ్చింది. “నేను స్క్రీన్ షేర్ చేస్తానుండండి. మీరే చూసి ఏదో ఒకటి చెయ్యండి.”

“షేర్ జేసినా నాకేం లాభం లేదక్కా. నాకు చూపు లేదు. తెర మీద ఏమున్నదో మీరు చదువుండ్రి, నేను చెప్త.”

 కుసుమ క్షమించమనబోయి, దేనికి క్షమించమనాలో తెలియక ఆగిపోయింది. భార్గవ్ ఆమెకు ఆలోచించే వ్యవధి ఇవ్వలేదు. “నేనైతే ట్రాక్‌ప్యాడ్ ముట్టుకోనే ముట్టుకోను. మొత్తం పని కీబోర్డ్ మీదనే. మీ పని గూడ గట్లనే నడిపిద్దాం. టైమెంతున్నది?”

“గంటన్నర కూడా లేదు.”

“మస్తున్నది.”

అతను చెప్పిన కీలు నొక్కితే సెట్టింగ్స్ తెరుచుకుంది. ట్రాక్‌ప్యాడ్ అన్న చోట ‘ఆన్’ అనే ఉందని కుసుమ చదివింది. ఆపి మళ్ళీ ఆన్ చేయించాడు. ఫలితం లేదు. “సరే, దాని సంగతి తర్వాత. ముందు రోస్టర్ పంపిద్దాం” అన్నాడు.

రోస్టర్ పేజీలోకి వెళ్ళడం మొదట్లో యాతనగా ఉంది. ట్యాబ్ కీ నొక్కితే పక్క గడికి, షిఫ్ట్ పట్టుకుని నొక్కితే వెనక్కి. బాణాల కీలతో కిందికీ పైకీ. రెండుసార్లు ఆదివారంలోకి దొర్లిపోయి తిట్టుకుంది. మూడో పేరు వేసేసరికి వేళ్ళకు దారి తెలిసింది. ఆరో పేరు వేశాక, “ఇదేదో బాగానే ఉందండీ!” అంది.

కానీ పబ్లిష్ బటన్ మీదికి మాత్రం ట్యాబ్ వెళ్ళలేదు. దాని ముందున్న గడి మీద ఆగి, ఒక్క గెంతులో పేజీ మొదటికి పోతోంది. నాలుగుసార్లు చేసినా అంతే.

“పోదక్కా, నాకు తెలుసు,” అన్నాడు భార్గవ్. అప్పటిదాకా హుషారుగా ఉన్న ఆ గొంతు కాస్త తగ్గింది. “గా బటన్‌కు కీబోర్డ్ దారి పెట్టలేదు. మౌస్ తోటే నొక్కాలె.”

“మరెలా? మూడూ పాతికైంది.”

“ఒక ఉపాయమున్నది. నాకు పనికిరాదు గాని మీకు పనికొస్తది. మీ కీబోర్డ్‌కు కుడిపక్క అంకెలు వేరేగ ఉన్నయా?”

ఉన్నాయి. ఎడమపక్క ఆల్ట్, షిఫ్ట్ పట్టుకుని నమ్‌లాక్ నొక్కమన్నాడు. తెర అడిగినదానికి ‘యస్’ మీద ఎంటర్ కొట్టమన్నాడు. ఆ తరువాత ఎనిమిది నొక్కితే బాణం గుర్తు పైకి, ఆరు నొక్కితే కుడికి జరగడం మొదలెట్టింది. చీమలా పాకుతోంది. కుసుమ ఊపిరి బిగబట్టి దాన్ని బటన్ దాకా తోలుకెళ్ళింది.

“వచ్చేసిందండీ, దాని మీదికి వచ్చేసింది!”

“అయిదు నొక్కుండ్రి.”

నొక్కింది. ‘రోస్టర్ పంపబడింది’ అన్న పచ్చటి అక్షరాలు కనబడగానే గట్టిగా చదివి వినిపించింది. మూడూ ముప్పైఅయిదు.

“ఇగ తీరిగ్గ రోగం సంగతి చూద్దాం,” అన్నాడు భార్గవ్. “ట్రాక్‌ప్యాడ్ మీద మెల్లగ వేళ్ళు పెట్టి జెప్పుండ్రి. సాపుగున్నదా?”

కుసుమ తడిమింది. ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నా గమనించలేదు. మధ్యలో చిన్న ఉబ్బు. ఒక అంచు పైకి లేచింది. “సాపుగా లేదండీ. పూరీ పొంగుతున్నట్టుంది. రెండు రోజుల్నించీ మూత కూడా సరిగ్గా పడట్లేదు.”

“వేడిగున్నదా?”

“కొంచెం.”

“చార్జర్ పీకెయ్యుండ్రి, ఇప్పుడే.” గొంతు మారిపోయింది. “ఒత్తొద్దు, మూత గట్టిగ వెయ్యొద్దు. కింద బ్యాటరీ ఉబ్బింది. అది పైకి నెట్టబట్టికే ట్రాక్‌ప్యాడ్ పనిజేస్తలేదు.” కీలతోనే ల్యాప్‌టాప్ ఆపించాడు. తీసుకెళ్ళి పెరట్లో కాంక్రీటు మీద, ఎండ తగలని చోట పెట్టమన్నాడు. దగ్గర్లో అంటుకునేది ఏదీ ఉండకూడదన్నాడు. కుసుమ దాన్ని పసిపిల్లను మోసినట్టు రెండు చేతులా మోసుకెళ్ళి, బట్టలారేసే తీగకు దూరంగా, గోడ నీడలో పెట్టి వచ్చింది.  గంటలో సంస్థ పంపిన మనిషి వచ్చి, ఇసుక పోసిన ఇనప డబ్బాలో దాన్ని పట్టుకెళ్ళాడు.

సోమవారం కొత్త ల్యాప్‌టాప్ తెచ్చుకోవడానికి కుసుమ లివర్‌పూల్ వెళ్ళింది. భార్గవ్‌కు ముప్పయ్యేళ్ళుంటాయి. చెవిలో ఇయర్‌ఫోన్, బల్ల పక్కన మడిచిన తెల్ల కర్ర. తెర మీది అక్షరాలను యంత్రం ఎంత వేగంగా చదువుతోందో వినమని ఒక ఇయర్‌ఫోన్ ఇచ్చాడు. కుసుమకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఆమె తెచ్చిన కారప్పూస ఇద్దరూ తింటుంటే, పబ్లిష్ బటన్ సంగతి ఎత్తింది.

“ఆ బటన్ సంగతి మీకు ముందే ఎలా తెలుసు?”

భార్గవ్ చేతులు దులుపుకున్నాడు. “నేను గా రోస్టర్ పనికి అడిగిన అక్కా, పోయినేడు. జయశ్రీ మేడమ్ సెలవు పెడితే బదులు జేస్తనన్న. అంతా మంచిగ జేసిన, గా బటన్ కాడ ఆగింది. సాఫ్ట్‌వేర్ వాళ్ళకు మూడుసార్లు రాసిన. చూస్తమన్నరు.”

ఆ సాయంత్రమే కుసుమ సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఉత్తరం రాయడానికి కూర్చుంది. రోస్టర్లు వేసేది తాను కాబట్టి, తన మాట పక్కన పెట్టడం అంత తేలిక కాదని ఆమెకు తెలుసు. ట్రాక్‌ప్యాడ్ ఆగిపోయిన రోజు ఏం జరిగిందో నిమిషాలతో సహా రాసింది. ఒక్క బటన్ వల్ల మూడు కేంద్రాల్లో శనివారం గందరగోళమయ్యేదని రాసింది. జయశ్రీ చేత సంతకం పెట్టించి మేనేజరుకు కూడా పంపింది. వారం వారం గుర్తుచేసింది. అయిదో వారంలో పేజీ మారింది. ట్యాబ్ నొక్కితే పబ్లిష్ బటన్ చుట్టూ నీలం గీత వచ్చి నిలిచింది. మేనేజరు భార్గవ్‌ను రోస్టర్ పనిలోకి తీసుకున్నాడు.

రెండు శుక్రవారాలు కుసుమ ఫోన్‌లో తోడుంది. మూడో శుక్రవారం పట్టిక చివరిసారి సరిచూసి పంపడం తానొక్కడే చేస్తానన్నాడు. మూడింటికి ఫోన్ మోగింది.

“అక్కా, నిన్న మీరు వేసిన శనివారం పట్టికల స్పందన పేరు రెండుసార్లు వినబడ్డది. పొద్దున ఏడింటికి రెండు కేంద్రాలల్ల ఉన్నది.”

“ఉండదు, రెండుసార్లు సరిచూశాను.” అంటూనే తెరిచి చూసింది. నిజంగానే ఉంది. స్పందన నర్సు, మహా మర్యాదస్తురాలు. ఎటు వెళ్ళాలో తెలియక రెండు చోట్లకూ పరిగెత్తేదేమో. “అయ్యయ్యో, నేనే వేశాను భార్గవ్!”

“ఏం గాదక్కా. ఆమెకేమన్న రెక్కలున్నయేమో అనుకున్న.”

ఇద్దరూ నవ్వుకున్నారు. రెండో చోట ఎవరిని వెయ్యాలో మాట్లాడుకున్నారు. మూడూ పదికల్లా అతను రోస్టర్ పంపేశాడు.

కుసుమకు ఇంకా యాభై నిమిషాలు మిగిలాయి.  చెప్పులేసుకుని, మెత్తటి ఎండలో స్టేషన్ దాకా నడిచింది. ఆ రోజు రైల్లో వెళ్ళిన బాలమురళి మెట్లు దిగుతూ ఆమెను చూసి కంగారుపడ్డాడు.

“ఏంటి, శుక్రవారం నాలుగు కాకుండానే ఇక్కడున్నావు? ల్యాప్‌టాప్ మళ్ళీ పోయిందా?”

“లేదండీ. పని అయిపోయింది,” అంది కుసుమ, అతని చేతిలో సంచి అందుకుంటూ. “పదండి, అటు చెరువు వైపు నుంచి పోదాం.”