శనివారం ఆట

పార్కింగ్ స్థలంలో తిరునాళ్ళలా ఉంది. పొయ్యిల మీద సాసేజీలు, చేతుల్లో బీరు డబ్బాలు, ఆట పేరు చెప్పి తిని తాగడానికి వచ్చినవాళ్ళతో కాలు పెట్టడానికి సందు లేదు. పక్కనే స్టేడియంలో మాత్రం ఈగలు తోలుకుంటున్నారు. ఊరి ప్రొఫెషనల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆడే ఆదివారం మంచు కురిసినా ఒక్క కుర్చీ మిగలని చోటే అది. శనివారం కాలేజీ పిల్లలు ఆడితే ఈ ఊరికి చలి గుర్తొస్తుంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు మరి.

లొరెట్టా జనాన్ని తోసుకుంటూ అన్న డ్వేన్ కోసం వెతికింది. ఆమె కొడుకు నోలన్‌కి సొంత మైదానంలో ఇదే చివరి ఆట. కాలేజీ చివరి ఏడాది పిల్లలు ఆట మొదలయ్యే ముందు అమ్మానాన్నల మధ్య మైదానం నడిబొడ్డు దాకా నడుస్తారు. నోలన్‌కి తండ్రి లేడు. ఆ చోట తాను నడుస్తానని డ్వేన్ మాటిచ్చాడు.

ట్రక్కు వెనక టీవీ పెట్టుకుని కూర్చున్నాడు మహానుభావుడు. ఒంటిమీద ప్రొఫెషనల్ జట్టు చొక్కా.

"లే అన్నా. వాడు ఎదురుచూస్తున్నాడు."

"ఖాళీ కుర్చీల ముందు ఊరేగడం ఎందుకే? ఇక్కడ టీవీలో చూస్తాలే. రేపు అసలు ఆట ఉంది, గొంతు దాచుకోవాలి."

"వాడికి బంతి విసరడం నేర్పింది నువ్వే కదా."

"నేర్పాను కాబట్టే తెలుసు, వాడు రేపటి ఆట దాకా వెళ్ళే సరుకు కాదు."

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. ఇతనితో ఒకే కడుపున పుట్టినందుకు లొరెట్టాకి ఒళ్ళంతా కంపరమెత్తింది. ఒక్కతే లోపలికి వెళ్ళింది.

"మామయ్య ఏడమ్మా?"

"దారిలో ఉన్నాడట నాన్నా."

ఒక పక్క ఎవరూ లేకుండానే ఇద్దరూ నడిచారు.

ఆట అయ్యాక తల్లీకొడుకులు కారు దగ్గరికి వస్తుంటే డ్వేన్ ఎదురొచ్చి మేనల్లుణ్ణి కావలించుకున్నాడు.

"నడకకి అందుకోలేకపోయాన్రా. గేటు దగ్గర ఒకటే తొక్కిడి. మైకులో చెప్పారుగా, నలభై వేల మంది వచ్చారని. కింద చోటు దొరక్క పై అంతస్తులో కూర్చున్నా. భలే ఆడావు."

అంటూ చెల్లెలికి కన్ను గీటాడు.

నోలన్ మెల్లగా అతని చేతులు విడిపించుకున్నాడు.

"అమ్ముడైన టికెట్లన్నీ కలిపి చెప్తారు మామయ్యా, మనుషులు రాకపోయినా. పై అంతస్తు ఖాళీగా ఉందని టీవీలో కనబడకుండా మొత్తం టార్పాలిన్ కప్పేస్తారు. నేను చేరిన ఏడాది నుంచీ అంతే."

డ్వేన్ చెల్లెలి వైపు చూశాడు.

"నువ్వు ఒక్కసారీ రాలేదన్నమాట," అన్నాడు నోలన్. "పద అమ్మా."