కాళ్ళు చాపుకునే సీటు

మైళ్ళ మేస్త్రి జేబులో డబ్బుండదు, కార్డులుంటాయి. లెక్కపెడితే ఏడు. కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆయన పని. షాపు యజమాని సరుకు తెప్పించినా, పక్క షాపతను ఫ్రిజ్ కొన్నా, వీధిలో ఎవరింటి పిల్లలకు ఫీజు కట్టాల్సి వచ్చినా "బిల్లు మీది, కార్డు నాది" అంటూ ముందుకొచ్చేవాడు. వాళ్ళు నగదు ఆయన చేతిలో పెట్టేవాళ్ళు, పాయింట్లు ఆయన ఖాతాలో పడేవి. ఆ పాయింట్లను ఏదో ఒక విమాన కంపెనీకి పంపితే మైళ్ళవుతాయి, మైళ్ళిస్తే టికెట్టొస్తుంది. అందుకని ఇరుగుపొరుగు ఆయనకు మైళ్ళ మేస్త్రి అని పేరు పెట్టారు. వెక్కిరింతకే పెట్టారు, ఆయన మాత్రం దాన్ని బిరుదులా మోసుకు తిరిగాడు.

ఊరందరి బిల్లులూ మోసి తొమ్మిదేళ్ళు పోగేసింది ఒకే ఒక్క టికెట్టు కోసం. అది ఆయన చెల్లెలి టికెట్టు.

చెల్లెలికి పెళ్ళే ఆలస్యమైంది. కాపురం చేసింది రెండేళ్ళు. తర్వాత భర్త పనికోసం దూరదేశం వెళ్ళి, ఒక శీతల గిడ్డంగిలో పెట్టెలు ఎక్కించే బండి నడుపుతూ అక్కడే ఉండిపోయాడు. ఆమెను పిలిపించుకోవడానికి కాగితాలు పెడితే ఒకసారి తిప్పి పంపారు, రెండోసారి మూలన పడేశారు. ఆ తొమ్మిదేళ్ళూ ఆమె ఆసుపత్రి లాండ్రీలో తడి దుప్పట్లు ఎత్తి ఎత్తి నడుం పోగొట్టుకుంది. గంటసేపు కుర్చీలో కూర్చుంటే ఎడమకాలు మొద్దుబారిపోతుంది. పదహారు గంటల ప్రయాణం కూర్చుని చేయొద్దని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. "నా చెల్లెలు కాళ్ళు చాపుకుని పడుకుని వెళ్తుంది" అని మేస్త్రి ఆనాడే అందరి ముందూ అనేశాడు. అనడం ఎంతసేపు చెప్పండి.

చివరికి వీసా వచ్చింది. అందులో ఒక తేదీ వేసి ఉంది. ఆ నెల ముప్పయ్యో తారీఖు రాత్రి పన్నెండు లోపల ఆమె అక్కడ దిగి, అధికారి చేత ముద్ర వేయించుకోవాలి. దాటితే ఆ కాగితం చిత్తు. మళ్ళీ మొదటినుంచీ పెట్టుకోవాలి, మళ్ళీ ఏళ్ళు పడుతుంది.

చెల్లెలి భర్త ఫోన్లో మరీ మరీ చెప్పాడు. "తేదీ దగ్గర మాత్రం ఆటలొద్దు బావా. మా గిడ్డంగిలో ఒకతని భార్య ఒక్కరోజు ఆలస్యంగా దిగింది. బయట అతను పూలు పట్టుకుని నిలబడ్డాడు, లోపలినుంచి లోపలే ఆవిణ్ణి వెనక్కి పంపేశారు."

"నాకు చెప్తావా బావా, నేను చూసుకుంటాగా" అన్నాడు మేస్త్రి.

చూసుకోవడమే ఆయన కొంప ముంచింది. నెల మొదటి వారంలోనే ఆయన భార్య పన్నెండో తారీఖుకి మామూలు సీటొకటి వెతికి పట్టింది. రెండుచోట్ల విమానం మారాలి, మధ్యలో నాలుగేసి గంటలు నడుం వాల్చుకునే వీలుంది. చెల్లెలు సరేనంది. "బల్లమీద కూర్చోబెట్టినా వెళ్తాను అన్నయ్యా, ముందు నన్ను అక్కడ పడెయ్యి" అంది. మేస్త్రి వింటేనా? తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. "తొమ్మిదేళ్ళు కూడబెట్టింది బల్లమీద కూర్చోబెట్టడానికా? సీట్లు తేదీ దగ్గరపడ్డాకే వదుల్తారు. ఈ విద్య నాకు తెలుసు, మీకు తెలీదు" అన్నాడు. పన్నెండో తారీఖు సీటు ఎవరో ఎగరేసుకుపోయారు.

పదిహేడో తారీఖు మధ్యాహ్నం షాపులో ఉండగా ఒక విమాన కంపెనీ సైటులో పడకసీటు కనపడింది. ఇరవైనాలుగో తారీఖుది. పచ్చగా వెలుగుతోంది, పక్కన "ఒక్కటే మిగిలింది" అని రాసుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒక కంపెనీ సైటులో, దానితో ఒప్పందమున్న జత కంపెనీల విమానాల సీట్లు కూడా చూపిస్తారు. అసలు కంపెనీ దగ్గర అమ్ముడైపోయిన సీటు కూడా ఒక్కోసారి ఇక్కడ అలా వెలుగుతూనే ఉంటుంది. ఈ విద్య తెలిసినవాళ్ళు దాన్ని దయ్యం సీటంటారు. ముందు ఫోన్ చేసి సీటుందో లేదో అడగాలి, ఆ తర్వాతే పాయింట్లు కదపాలి. ఎందుకంటే బ్యాంకు నుంచి విమాన కంపెనీకి వెళ్ళిన పాయింటు మళ్ళీ వెనక్కి రాదు. నలుగురు కూడిన చోటల్లా మేస్త్రి వల్లించే మొదటి పాఠమే ఇది.

ఆ పూట ఆ పాఠమే తప్పాడు. ఎదురుగా ఒక ముసలాయన కళ్ళద్దాల కోసం కూర్చుని అరగంటగా గొణుగుతున్నాడు. ఫోన్ చేస్తే గంటసేపు పాట వినిపిస్తారు, ఈలోగా సీటు పోతుందని భయం. ఏడు కార్డుల పాయింట్లూ ఊడ్చి ఆ కంపెనీకి పంపేశాడు. మైళ్ళు పడ్డాయి. సీటు నొక్కాడు. కుదరదని వచ్చింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ అదే. అప్పుడు ఫోన్ చేశాడు.

"ఆ రోజు ఆ విమానంలో అలాంటి సీటు లేదు సార్" అంది అవతలమ్మాయి మెత్తగా.

"నా కళ్ళెదురుగా కనిపిస్తోందమ్మా."

"కనిపిస్తుంది సార్. లేదు."

మేస్త్రి ఫోన్ పెట్టేశాడు. ముసలాయనకు అద్దాలు కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ పెట్టి ఇచ్చేశాడు. ఆయన గుమ్మం దాకా వెళ్ళి తడుముకుంటూ తిరిగొచ్చాడు.

ఈ సంగతి మేస్త్రి ఇంట్లో చెప్పలేదు. సిగ్గేసింది. ఊరికి పాఠాలు చెప్పే మనిషి, తన పాఠం దగ్గరే బోర్లా పడ్డానని భార్యతో ఏ మొహం పెట్టుకుని చెప్తాడు? పాయింట్లన్నీ ఒకే కంపెనీలో ఇరుక్కుపోయాయి కాబట్టి ఇక ఆ కంపెనీ సొంత విమానమే గతి. రోజూ వెతగ్గా వెతగ్గా నిజం పడకసీటు ఒకటి దొరికింది. ఈసారి ముందు ఫోన్ చేసి అడిగాడు కూడా. ఎక్కడా మారక్కర్లేదు, పదహారు గంటలు తిన్నగా ప్రయాణం. ముప్పయ్యో తారీఖు ఉదయం పదకొండుకి బయల్దేరి, అక్కడి గడియారం ప్రకారం అదే రోజు రాత్రి తొమ్మిదీ నలభైకి దిగుతుంది.

"ముప్పై అంటే ఆఖరి రోజు కదండీ" అంది భార్య.

"రెండు గంటల ఇరవై నిమిషాలు చేతిలో ఉంటాయి. చాలవా?"

"ఇరవయ్యారుకి మామూలు సీటింకోటి ఉంది. నా గొలుసు ఇస్తాను, కొనెయ్యండి. నాకెందుకో మనసు కీడు శంకిస్తోంది."

కొనొచ్చు. కొంటే తొమ్మిదేళ్ళ పాయింట్లూ ఏమయ్యాయని ఆవిడ అడుగుతుంది. అడిగితే ఆ మధ్యాహ్నం సంగతంతా చెప్పాలి. ఆ ఒక్క ప్రశ్నకు జడిసి మేస్త్రి చెల్లెలి వైపు తిరిగాడు. "ఏమ్మా, నువ్వేమంటావు?" అన్నాడు. ఏమంటుంది పిచ్చిది. "నీ ఇష్టం అన్నయ్యా. నువ్వు చేస్తే సరిగ్గానే చేస్తావు" అంది. ఆ మాటకి ఆయన మనసు చివుక్కుమంది. అయినా టికెట్టు ముప్పైకే తీశాడు.

ముప్పై రానే వచ్చింది. విమానాశ్రయంలో కౌంటరు అమ్మాయి వీసా కాగితాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. పక్కనున్న పెద్దాయన్ని పిలిచింది. ఇద్దరూ తేదీమీద వేలు పెట్టుకుని ఏదో మాట్లాడుకున్నారు.

"ఇవాళ్టికే ఆఖరు, తెలుసు కదండీ" అన్నాడు పెద్దాయన.

"తెలుసండీ. తొమ్మిదీ నలభైకి దిగుతుంది కదా."

"దిగుతుందనే రాసుంది" అని ఆయన టికెట్టు చేతికిచ్చాడు.

చెల్లెలు ఇస్త్రీ చేసిన కొత్త బట్టల్లో, నడుముకి పట్టీ కట్టుకుని, వదిన భుజం మీద చెయ్యేసి కాసేపు నిలబడింది. ఏడవలేదు. తొమ్మిదేళ్ళ తర్వాత భర్త దగ్గరికి వెళ్తున్న మనిషి, ఏడుపెందుకొస్తుంది? లోపలికి వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి నవ్వింది. మేస్త్రి ఫోన్లో విమానం ఎక్కడుందో చూపే బొమ్మ పెట్టుకుని హాల్లో కుర్చీలో కూలబడ్డాడు. ఎగిరేదాకా కదలనన్నాడు.

పదకొండుకి ఐదు నిమిషాలుండగా చెల్లెలు ఫొటో పంపింది. సీటు పూర్తిగా వాల్చుకుని, మెడదాకా దుప్పటి లాక్కుని, చిన్నపిల్లలా పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. కింద "తలుపులు వేసేశారు అన్నయ్యా" అని రాసింది.

పదకొండున్నరకీ బొమ్మ ఉన్నచోటే ఉంది. పన్నెండయింది, కదల్లేదు. మేస్త్రి లేచి కౌంటరు దగ్గరికి పరుగెత్తాడు. సామాను ఇచ్చిన ప్రయాణికుడొకడు విమానం ఎక్కలేదట. వాడి పెట్టె వెతికి దింపేదాకా విమానం కదలకూడదట.

"ఎంతసేపు పడుతుందండీ?"

"పెట్టె దొరికేదాకా."

"మా చెల్లెలికి ఇవాళే ఆఖరు తేదీ. రాత్రి పన్నెండు లోపల అక్కడ దిగాలి. ఎవరికైనా చెప్పరా సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను."

"తలుపు వేశాక మా చేతిలో ఏమీ ఉండదండీ" అన్నాడు పెద్దాయన. ఆయన గొంతులో జాలి ఉంది. జాలితో విమానాలు ఎగరవు కదా.

మేస్త్రి వచ్చి కూర్చున్నాడు. రెండు గంటల ఇరవై నిమిషాల్లో గంట అప్పుడే పోయింది. పన్నెండున్నరకి పెట్టె దొరికిందన్నారు. అమ్మయ్య అనుకునేలోగా, విమానం వంతు దాటిపోయింది, ముందున్నవన్నీ వెళ్ళాకే దీన్ని వదుల్తారన్నారు. ఒంటిగంట అయింది. భార్య నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదని ఆయనకనిపించింది.

"పదిహేడో తారీఖున పాయింట్లన్నీ ఇరికించేశాను" అన్నాడు, ఆవిడ వైపు చూడకుండా. "దయ్యం సీటు. నీకు చెప్పలేక ఇరవయ్యారు టికెట్టు కొననివ్వలేదు."

ఆవిడ ఆయన వైపు తిరిగింది. "నాకు చెప్పడానికా ఇంత భయపడ్డారు?" అంది. అని లేచి నాలుగు కుర్చీల అవతల కూర్చుంది.

ఒంటిగంటా పది, ఇరవై. చేతిలో ఉన్నవన్నీ అయిపోయాయి. అప్పుడు చెల్లెలి నుంచి ఇంకో సందేశం వచ్చింది. "ఆలస్యమైనా గాల్లో తొందర చేసి పన్నెండు లోపలే దింపేస్తారట అన్నయ్యా, నువ్వు కంగారు పడకు. ఈ పడక ఎంత సుఖంగా ఉందో. నడుం నొప్పి తెలియడమే లేదు. ఫోన్ ఆపెయ్యమంటున్నారు. దిగాక ఇద్దరం కలిసి చేస్తాం."

మేస్త్రి ఏదో టైపు చేశాడు, చెరిపాడు. మళ్ళీ చేశాడు. ఏమని రాస్తాడు? దిగిపొమ్మందామంటే దిగినా లాభం లేదు. సంగతి చెబుదామంటే ఆ పదహారు గంటలూ ఆమె పైకప్పు చూస్తూ పడుకోవాలి. రాసిందంతా చెరిపేసి "హాయిగా పడుకోమ్మా" అని పంపాడు. అది చేరిందో లేదో తెలియలేదు.

ఒంటిగంటా నలభై ఐదుకి విమానం ఎగిరింది. బొమ్మ పక్కన దిగే సమయం మారి కొత్తది వచ్చింది. రాత్రి పన్నెండూ ఇరవై ఐదు. పైలట్లు గాల్లో కాస్త తొందర చేస్తారేమోనని మేస్త్రి దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఐదు నిమిషాల తర్వాత ఆ అంకె ఇంకాస్త పెరిగింది.

ఫోన్ మోగింది. చెల్లెలి భర్త. అక్కడ ఇంకా ఉదయమే. వెనకాల ఏదో సర్దుతున్న చప్పుడు, కుర్చీ జరుపుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"బయల్దేరిందా బావా?"

"బయల్దేరింది."

"హమ్మయ్య. సెలవు పెట్టేశాను. ఇప్పుడే మంచం కింద గట్టి చెక్క వేయించాను, తన నడుం కోసం. ఎన్నింటికి దిగుతుందంటావు?"

మేస్త్రి నాలుగు కుర్చీల అవతలున్న భార్య వైపు చూశాడు. అవతల సర్దుతున్న చప్పుడు ఆగింది.

"బావా, ఎన్నింటికి?"

"పన్నెండు దాటుతుంది బావా."

అతను చాలా నెమ్మదిగా అడిగాడు.

"దాటితే ఏం తారీఖవుతుంది?"

"ముప్పై ఒకటి" అన్నాడు మేస్త్రి.