రాహుకాలంలో కమిట్ కొట్టకూడదు

మా యజమాని గురుమూర్తి గారికి పట్టుచీరల దుకాణాలు మూడున్నాయి: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. మూడింటి స్టాకూ ఒకే డేటాబేసులో ఉంటుంది. దాన్ని తయారుచేసిన మహాతల్లిని నేనే, పూర్ణిమని. కంప్యూటరుకు పసుపూ కుంకుమా పెట్టేది మాత్రం ఆయనే.

పోయినేడు ధర్మవరం చీరల్ని ఇక్కడి హిందూపురం స్టాకులోకి మారుస్తుంటే మధ్యలో కరెంటు పోయింది. సగం చీరలు రెండు ఊళ్లలోనూ కనిపించాయి. "మారితే అన్నీ మారల్ల, లేకుంటే ఒక్కటీ మారకూడదమ్మా" అన్నారాయన. సరే అని ట్రాన్సాక్షన్ పెట్టాను. బిగిన్ కొడితే పని మొదలు, కమిట్ కొడితే ఖాయం, రోల్‌బ్యాక్ కొడితే అసలేమీ జరగనట్టే. మధ్యలో ఇంకెవరూ వేలు పెట్టకుండా మొత్తం స్టాకుకు తాళం కూడా వేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ శుక్రవారం రెండు వందల పన్నెండు శ్రావణమాసం చీరల్ని ధర్మవరం నుంచి హిందూపురానికి మార్చాలి. పదీ ఇరవై ఐదుకు దండం పెట్టుకుని గురుమూర్తి గారే బిగిన్ కొట్టారు. చీరలన్నీ కంప్యూటర్లో ఎక్కేసరికి పదీ ముప్పై రెండయింది. నేను కమిట్ కొట్టబోతుంటే కేకేశారు.

"ఆగమ్మా! రాహుకాలం వచ్చేసింది. ముగించేది పన్నెండు దాటినాకే."

"అందాకా ఇట్లా వదిలేయకూడదు సార్. తాళం పడే ఉంటుంది. మూడు ఊళ్లలో ఒక్క స్లిప్పు కూడా రాదు."

"గంటన్నరే కదా. మొదలుపెట్టింది మంచి టైములోనే, అది చాలు."

ఆహా, ఏం జ్ఞానం! కంప్యూటరుకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

అప్పుడే హనుమక్క వచ్చింది. ఆమె మనవరాలు హరితకు పన్నెండూ ఇరవైకి పెనుకొండలో పెళ్లి. ముహూర్తం చీర వారం కిందటే కొని, కుచ్చులు కట్టడానికి మా దగ్గర ఉంచింది. చీర సిద్ధంగానే ఉంది. కానీ కంప్యూటరు స్లిప్పు చూపించనిదే గుమ్మం దగ్గర వాచ్‌మన్ తిరుపాల్ దారప్పోగును కూడా వదలడు. అదీ గురుమూర్తి గారి కట్టడే.

"ఆటో నిలబెట్టినా తల్లీ. పోయేదానికే గంట పైన పడతాది. పాప తలకి పోసుకోని ఎదురుచూస్తాండాది" అంది.

"పన్నెండు కానీ అవ్వా. ఆ చీరకి కూడా మంచిది" అంటూ గురుమూర్తి గారు ఆమెకు కాఫీ తెప్పించారు. మర్యాదకేం తక్కువ లేదు.

"పన్నెండుకి నేను ఈడే ఉంటే, ఆడ పాప ఏం కట్టుకోని కూర్చుంటాది నాయనా?"

నాకు ఒళ్లు మండింది. "సార్, రోల్‌బ్యాక్ కొడతాను."

"కొడితే పదీ ఇరవై ఐదు ముహూర్తం ఏమైతాది?"

"పోతుంది సార్."

"నీ ఉద్యోగమూ పోతాది."

ఈ ఊళ్లో డేటాబేసు పనికి నన్ను ఇంకెవరు పిలుస్తారు? భయపడుతూనే కొట్టేశాను. తాళం ఊడింది, స్లిప్పు వచ్చింది. హనుమక్క చీర పొదువుకుని ఆటో వైపు పరుగెత్తింది.

గురుమూర్తి గారి మొహం కందగడ్డయింది. నోరు తెరిచారు, గోడ గడియారం చూశారు, మూసుకున్నారు. రాహుకాలంలో ఉద్యోగం పీకడం కూడా మంచిది కాదు మరి. దొరికిన ఆ కాస్త సమయంలో, తాళం మొత్తం స్టాకుకు కాకుండా మారుతున్న చీరలకే పడేలా సరిచేశాను. మొదట్లోనే చేయాల్సిన పని అది. తప్పు నాదే.

పన్నెండూ ఐదుకు ఆయన లేచి వచ్చారు. "రేపట్నుంచి రావద్దమ్మా."

ఇంతలో దుకాణం ఫోను మోగింది. నేనే ఎత్తాను.

"చేరినాము తల్లీ! పాపకి చీర కట్టిస్తాండారు. నువ్వూ రా, మాతో భోంచేద్దువు!"

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. బ్యాగు భుజాన వేసుకున్నాను.

"యాడికి?" అన్నారు గురుమూర్తి గారు.

"పెనుకొండకు సార్. పెళ్లికి."

ఆయన గబగబా పంచాంగం తిప్పారు. "ఒంటిగంట దాకా నీ నక్షత్రానికి బాగలేదమ్మా! ఇప్పుడు బయల్దేరద్దు. ఈడే కూర్చో, తర్వాత పోదువు" అన్నారు, నిజంగానే కంగారుపడుతూ.

నేను కూర్చోలేదు.