మైకు పిన్నిగారి సూదిమందు

ఆ వీధిలో అందరూ ఆవిడను మైకు పిన్ని అనేవారు. మొహం మీద ఎవరూ అనరు గానీ, చాటున అలా అంటారని ఆవిడకు తెలుసు. తెలిసినందుకు లోలోపల కాస్త గర్వంగా కూడా ఉండేది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున్నే బాల్కనీలో నిలబడి ఒక మాటన్నదంటే, మధ్యాహ్నానికల్లా ఆ మాట బస్టాండు దాటిపోయేది.

ఆవిడ కోడలు నర్సు. మహమ్మారి మొదలైన కొత్తలో, వీధులన్నీ మూతబడి, పలకరిద్దామన్నా మనిషి కనబడని రోజుల్లో, ఆ అమ్మాయి ఆసుపత్రి నుంచి వచ్చి ఎవరినీ తాకకుండా మేడమీది గదిలో ఒంటరిగా ఉండేది. భర్తతో మాటలు కూడా ఫోన్లోనే. అత్తగారు మెట్ల మీద పళ్ళెం పెట్టి, కిందికి దిగి, అక్కణ్ణుంచి కేకేసేది: "అమ్మాయ్, చల్లారకముందే తిను. ఖాళీ పళ్ళెం నాకు చూపించాలి." కోడలు కిటికీలోంచి పళ్ళెం ఎత్తి చూపించేది. నర్సమ్మ ఆ పూట తిన్నదో లేదో వీధి మొత్తానికి తెలిసిపోయేది. అంతకుముందు ఆ గొంతు విని తలనొప్పి తెచ్చుకున్న కోడలికి, ఆ రోజుల్లో ఆ గొంతే తోడయింది.

కొన్నాళ్ళకు టీకా వచ్చింది. మూతబడిన సినిమా హాల్లో కేంద్రం తెరిచారు. టికెట్లు అమ్మే గూట్లో హాలు మేనేజరు పేర్లు రాసుకునేవాడు. చిరుతిళ్ళు అమ్మే బల్ల దగ్గర కోడలు సూదులు వేసేది. వేయించుకున్నవాళ్ళు, ఒంట్లో ఏమైనా తేడా చేస్తుందేమో చూసుకోవడానికి, లోపల మెత్తటి కుర్చీల్లో కాసేపు ఖాళీ తెరకేసి చూస్తూ కూర్చునేవారు. మొదట్లో జనం ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆ తర్వాత పుకార్లు బయల్దేరాయి. ఒకరికి జ్వరమొస్తే పదిమంది మంచం పట్టారన్నారు. చెయ్యి నొప్పి పెట్టిందంటే, నాలుగిళ్ళు దాటేసరికి అది చెయ్యి పడిపోవడమైంది. వరస పలచబడింది.

ఆ పుకార్లు మైకు పిన్ని పుట్టించినవి కావు. ఆవిడ బాల్కనీలోంచి అన్నది ఒకే ఒక్క మాట: "నేనైతే వేయించుకోనమ్మా. ఇన్నేళ్ళ ఒంటికి కొత్తగా ఈ సూదులెందుకు?" అంతే. నర్సు అత్తగారే వద్దంటుంటే మనమెంత అని వీధి వీధంతా చేతులు ముడుచుకు కూర్చుంది.

కోడలు బతిమాలింది, కోప్పడింది, రెండు రోజులు అలిగింది కూడా. "నీ ఉద్యోగం నీది, నా చెయ్యి నాది" అనేది అత్తగారు. అని, చూపు పక్కకు తిప్పుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేది. అది మొండితనమనుకుంది కోడలు.

అలా ఉండగా ఒక రోజు పొద్దున్నుంచీ కుండపోతగా వాన. హాల్లో డాక్టరమ్మ, నర్సు, గూట్లో మేనేజరు తప్ప పురుగు లేదు. మధ్యాహ్నం దాటాక ఒక లారీ డ్రైవరు నిలువునా తడిసి వచ్చాడు. బండి లోడెత్తి వీధి చివర నిలబెట్టాడట. సాయంత్రం బయల్దేరితే మళ్ళీ ఎన్నాళ్ళకు తిరిగొస్తాడో అతనికే తెలియదు.

"రేపు రమ్మనకండి మేడమ్, రేపు నేనుండను" అన్నాడు.

నర్సు డాక్టరమ్మ మొహంలోకి చూసింది. ఒక్కో సీసాలో పదిమందికి సరిపడా మందుంటుంది. మూత గుచ్చాక సాయంత్రంలోపు వాడేయాలి, లేకపోతే పారేయాల్సిందే. అందుకే పదిమంది పోగయ్యేదాకా సీసా తెరవకూడదని అనుకున్నారు.

"ఊళ్ళన్నీ తిరిగే మనిషి. ఇతనికి కాకపోతే ఇంకెవరికి వేస్తాం? తెరువు" అంది డాక్టరమ్మ.

తెరిచింది. డ్రైవరు ఇట్టే వేయించుకుని, కాసేపు తెర ముందు కూర్చుని, దండం పెట్టి వెళ్ళిపోయాడు. తొమ్మిదిమంది మందు సీసాలో మిగిలింది. నర్సు కాలుగాలిన పిల్లిలా హాలంతా తిరిగింది. తర్వాత గొడుగు తీసుకుని వీధిలోకి నడిచింది.

సెలూనాయన బేరాల్లేక తన గడ్డమే తాను గీసుకుంటున్నాడు. విషయం చెప్పింది.

"మీ అత్తగారు వేయించుకుందా అమ్మా?" అన్నాడు అద్దంలోంచి చూస్తూ.

"లేదు బాబాయ్."

"ఆవిడ వేయించుకున్న రోజున నేనూ వేయించుకుంటా. నా మాట మాటే."

బేకరీలో అదే జవాబు. ఇస్త్రీ కొట్లో భార్య భర్త వైపు, భర్త ఇస్త్రీపెట్టె వైపు చూశారు. ఎదురింటి మేడమీది లెక్కల మాస్టారు తలుపు సందులోంచే, ఆలోచించి చెబుతానన్నారు. గాలికి గొడుగు తిరగబడింది. నర్సు ముద్దగా తడిసి ఇంటికి వచ్చి వసారాలో చతికిలబడింది.

అత్తగారు తువ్వాలు పట్టుకొచ్చి తల తుడుస్తూ మొదలుపెట్టింది. "వానలో ఈ తిరుగుళ్ళేమిటే? నర్సువా, పోస్టుమానువా? రేపు నీకే జ్వరమొస్తే..."

"అత్తయ్యా, ఇస్త్రీ కొట్టు తాత గుర్తున్నాడా?" అంది కోడలు.

తువ్వాలు ఆగింది. మొదటి ఏడాది పోయినవాళ్ళలో ఆయనొకడు. నలుగురు మనుషులు కూడా వెంట రాలేని రోజుల్లో పోయాడు.

"ఆఖరి రోజుల్లో రోజూ నన్నడిగేవాడు, మందెప్పుడొస్తుందమ్మా అని. వచ్చేస్తుంది తాతా అనేదాన్ని. ఇప్పుడొచ్చింది. సాయంత్రం నా చేత్తో నేనే పారేస్తాను, వేసుకునేవాళ్ళు లేక."

అత్తగారు తువ్వాలు పక్కన పడేసి, మూల నుంచి మామగారి పాత నల్ల గొడుగు తీసింది.

"పద."

"ఎక్కడికి?"

"నీకు తొమ్మిదిమంది కావాలి. అంతేగా?"

మైకు పిన్ని బాల్కనీ ఎక్కలేదు, నేరుగా వీధిలోకి దిగింది. బేకరీ ముందు నిలబడి, "ఏమయ్యా, నీ బన్నుల్లో ఎండుద్రాక్ష రోజురోజుకీ ఎందుకు తగ్గుతోందో నాకు తెలుసు. ఊరికి చెప్పమంటావా, కొట్టు మూసి నా వెనకాల వస్తావా?" అంది. బేకరీ ఆయన పనికుర్రాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. ఇస్త్రీ కొట్టు ముందు ఆవిడ బెదిరించలేదు. లోపలికి వెళ్ళి, గోడ మీది తాత ఫొటో కేసి చూసి, "ఆయన అడిగిన మందర్రా" అంది మెల్లగా. భార్యాభర్తలిద్దరూ చెప్పులేసుకున్నారు. ఆడవాళ్ళ బట్టలు కుట్టే టైలరమ్మ, గొడుగులు బాగుచేసే ఆయన దారిలో కలిశారు. వానాకాలం ఆయనకు చేతినిండా పని. "ఇప్పుడెలా కుదురుతుంది పిన్నిగారూ?" అంటుంటే, కోడలి విరిగిన గొడుగు ఆయన చేతిలో పెట్టి, "నడుస్తూ బాగుచెయ్యి" అంది. లెక్కల మాస్టారి తలుపు ఈసారి కొట్టక్కర్లేకపోయింది. ఆ గొంతు మెట్ల కింద వినబడగానే ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ దిగొచ్చారు.

సెలూనాయన కూడా వెనకాలే వచ్చాడు. "నేను చూడ్డానికి వస్తున్నా. వదినగారు వేయించుకుంటే నేను వేయించుకుంటా, లేకపోతే లేదు" అని ముందే చెప్పాడు.

దారిలో టైలరమ్మ అడిగింది, "మరి మీరూ వేయించుకుంటారా పిన్నీ?"

"నా సంగతికేం తొందర. ముందు మీరు నడవండి" అంది ఆవిడ, తేలు కుట్టిన దొంగలా.

హాల్లో ఒక్కసారిగా సందడి పుట్టింది. బేకరీ కుర్రాడు ఇట్టే వేయించుకున్నాడు. వాడి యజమాని సూది చూడకుండా కళ్ళు మూసుకుని, అయిపోయిందన్నా తెరవలేదు. మాస్టారు, "నొప్పి లేదు, పుకార్లన్నీ తప్పుల తడక" అని తీర్పు చెప్పారు. టైలరమ్మ మాత్రం సూది పనిలో నర్సు నేర్పు చూసి, "కుట్టు బాగుంది" అని మెచ్చుకుంది. ఒక్కొక్కరే వెళ్ళి లోపల కుర్చీల్లో కూర్చుంటుంటే, చివరికి ఇద్దరి మందు మిగిలింది.

అందరి చూపులూ మైకు పిన్ని మీద పడ్డాయి.

ఆవిడ కుర్చీలో కూర్చుంది. మొహం తెల్లగా పాలిపోయింది. కోడలు ఆవిడ చేతికి దూది రాసింది. అత్తగారు తన దగ్గర, తన చేతి మీదుగా వేయించుకోబోతోందని ఆ అమ్మాయి కళ్ళు మెరుస్తున్నాయి. సిరంజి పైకెత్తింది. మైకు పిన్ని ఆ సూది మొన చూసింది, కోడలి మొహం చూసింది, మింగలేక కక్కలేక ఒక్క క్షణం కొట్టుమిట్టాడింది.

"ఆగవే తల్లీ, నాకెప్పుడో అయిపోయింది" అంది.

లోపల కూర్చున్నవాళ్ళు కూడా గుమ్మం దాకా వచ్చారు.

"ఎప్పుడు?" అంది కోడలు.

"మొదటి వారంలోనే. చెల్లెల్ని చూసొస్తానని వెళ్ళానే, ఆ రోజు. అక్కడ."

"ఇంటి పక్క హాల్లోనే నేనుండగా అంత దూరం వెళ్ళారా? పైగా వేయించుకోనని వీధంతా..."

"వేయించుకున్నానంటే ఎక్కడని అడుగుతావు. ఎక్కడో చెబితే, నా దగ్గరెందుకు కాదంటావు." ఆవిడ పమిట చెంగుతో నుదురు తుడుచుకుంది. "నాకు చిన్నప్పట్నుంచీ సూదంటే ప్రాణం పోతుంది. అక్కడ కిటికీ చువ్వ పట్టుకుని వదల్లేదు. ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. నా అరుపుకి వరసలో సగంమంది ఇంటికి పోయారట. మా చెల్లెలు తర్వాత చెప్పి చెప్పి నవ్వింది." కాస్త ఆగి, గొంతు తగ్గించింది. "ఏడాదిపాటు ఆ రోగుల మధ్య నిలబడొచ్చి, మేడ మీద ఒక్కదానివే పడుకున్నావు. ఒక్క రోజు కూడా భయమని అనలేదు. అలాంటిదాని ముందు సూదికి ఏడవడానికి నాకు మొహం చెల్లలేదే."

నర్సు సిరంజి ట్రేలో పెట్టేసింది. ఆ గదిలో తను ఏడవని రోజు లేదు. అది అత్తగారికి తెలియదు. చెబుదామనుకుంది గానీ ముందు నవ్వొచ్చింది, నవ్వుతోపాటు కళ్ళనీళ్ళూ వచ్చాయి. ఇస్త్రీ కొట్టు ఆవిడ పకపకా నవ్వింది. ఆ నవ్వు హాలంతా పాకింది.

మైకు పిన్నికి మళ్ళీ నోరొచ్చింది. గుమ్మం దగ్గర సెలూనాయన మెల్లగా వెనక్కి జరుగుతున్నాడు.

"ఏం మరిదీ, ఎక్కడికి? నేను వేయించుకుంటే నువ్వు వేయించుకుంటానన్నావు. నేను నీకంటే ముందే వేయించుకున్నాను. కూర్చో."

మాట మాటేనన్న మనిషి ఏం చేస్తాడు, కూర్చున్నాడు. ఇంకా ఒకరి మందు మిగిలింది. టికెట్ల గూట్లో పొద్దున్నుంచీ దాక్కున్నట్టు కూర్చున్న హాలు మేనేజరు, అందరూ తనవైపే తిరగడం చూసి, తనే చొక్కా చెయ్యి మడుచుకుంటూ బయటికొచ్చాడు. సీసా ఖాళీ అయింది. డాక్టరమ్మ దాన్ని వెలుతురుకేసి పట్టి చూసి, చప్పట్లు కొట్టింది.

మర్నాడు పొద్దున బాల్కనీలోంచి కిటికీ చువ్వ కథ వీధంతటికీ వినిపించింది. తన అరుపును ఆవిడే కొండంత చేసి చెప్పింది. పదిగంటలకల్లా హాలు ముందు వరస బస్టాండు వైపు మలుపు తిరిగింది. రోగం ఒక్కరోజులో పోలేదు. మధ్యలో ఇంకోసారి తలెత్తింది, కొందరు దగ్గారు, కొందరు మంచమెక్కారు. కానీ ఆ వీధిలో ఈసారి ఎవరి ఫొటో గోడకెక్కలేదు.

రెండో సూది రోజున మైకు పిన్ని ఎక్కడికీ పారిపోలేదు. కోడలి దగ్గరే వరసలో నిలబడింది. కుర్చీలో కూర్చోగానే వణుకు మొదలైంది.

"అరవాలనిపిస్తే అరవండి అత్తయ్యా. నేనూ ఆ గదిలో దిండులో మొహం పెట్టుకుని రోజూ అరిచినదాన్నే" అంది కోడలు.

అత్తగారు నోరు తెరుచుకుని కోడలి వైపు చూసింది. "రోజూనా? మరి ఖాళీ పళ్ళెం చూపించేదానివిగా."

"ఏడ్చాకే బాగా ఆకలేసేది."

"ఓసి పిచ్చిదానా, ఒక్క కేక వేస్తే నేను మెట్ల మీదే కూర్చునేదాన్ని కాదూ" అని ఆవిడ తిట్లు లంకించుకుంది. ఆ తిట్ల మధ్యలో ఎప్పుడో సూది పడింది, బయటికీ వచ్చేసింది. దూది అద్ది కోడలు పక్కకు జరిగినా ఆవిడకు తెలియలేదు.

"ఇంకా ఎంతసేపే, వెయ్యి" అంది చివరికి, కళ్ళు గట్టిగా మూసుకుని.