భీమరాజు ట్యాంకు

గేరు చక్రానికి ఇరవైనాలుగు పళ్లలో పదిహేడు కోయడం అయింది. భీమరాజు మిషను ఆపకుండానే నూనె డబ్బా వంచి, వేడెక్కిన ఉక్కు మీద రెండు చుక్కలు పోశాడు. సన్నగా పొగ లేచింది. నిడదవోలు స్టేషను వెనక వీధిలో చిట్టియ్య వర్క్‌షాపు తలుపులు తీసి ఇంకా అరగంట కాలేదు. బేరాలు మొదలయ్యేలోపు సొంత పని చేసుకోవచ్చని యజమాని చిట్టియ్య ఏనాడో ఒప్పుకున్నాడు.

"ఏంటండీ భీమరాజుగారూ, మొన్నేగా ఇత్తడి గేర్లు వేశారు?" టీ ఊదుకుంటూ అడిగాడు చిట్టియ్య.

"ఆయ్, అరిగిపోయాయండి. కొత్త మోటార్ల బలానికి ఇత్తడి ఆగట్లేదు. ఉక్కువి వేస్తున్నానండి, ఇది ఆఖరిది."

"బొమ్మకి ఉక్కేంటండీ బాబూ!"

భీమరాజు తర్వాతి పన్ను మొదలుపెట్టాడు. అతనికి యాభై నాలుగేళ్లు. పొట్టి మనిషి, భుజాల్లోకి కూరుకుపోయిన మెడ, గోళ్ల చుట్టూ ఎప్పటికీ వదలని నల్ల నూనె. కుడి చెవి సగమే పనిచేస్తుంది. పదిహేనేళ్లు సైన్యంలో ట్యాంకు నడిపి వచ్చి, పద్దెనిమిదేళ్లుగా ఇనుము తిప్పి చెక్కే ఈ లేతు మిషను ముందు నిలబడుతున్నాడు. రైసు మిల్లుల షాఫ్టులు, ట్రాక్టరు బుష్‌లు అతని చేతిలో నున్నగా తయారై వెళ్లిపోయేవి. అతన్ని గురించి ఊళ్లో ఎవరూ మంచీ చెడూ మాట్లాడుకున్నది లేదు.

రెండేళ్ల కిందట మిషను సామాను కోసం చిట్టియ్య అతన్ని మద్రాసు పంపాడు. అక్కడ ఒక షాపు అద్దం వెనక పెద్ద అట్టపెట్టె, దాని మీద ట్యాంకు బొమ్మ. రిమోటుతో నడుస్తుంది, ముక్కలన్నీ మనమే బిగించుకోవాలి. భీమరాజు గంటసేపు అక్కడే నిలబడి, బస్సు అందుకోలేక, పెట్టెను ఒళ్లో పెట్టుకుని మర్నాటి రైల్లో వచ్చాడు. బిగించడానికి ఆరు నెలలు పట్టింది. తీరా నడిపితే పెరట్లో ఇటుక ఎక్కలేక ప్లాస్టిక్కు గేర్లు పటపటా విరిగాయి. ఇత్తడివి కోసి వేశాడు. చక్రాల చుట్టూ తిరిగే ప్లాస్టిక్కు పట్టాలు తీసేసి, ఒక్కొక్క లంకె చేత్తో ఆకురాయి పట్టి ఇనప పట్టాలు అల్లాడు. ఆ బరువుకి మోటార్లు చాల్లేదు. పెద్ద మోటార్లు వేస్తే ఇత్తడి ఓడిపోయింది. ఇవాళ్టితో అన్నీ సరిపోవాలి.

ఇరవైనాలుగో పన్ను పూర్తయింది. గేరు చొక్కా జేబులో వేసుకుంటుండగా బయట అరుపులు వినబడ్డాయి.

ముందురోజు వెల్డింగుకిచ్చిన దమ్ము చక్రాలని షాపు ముందు ట్రాక్టరుకి ఎక్కించి, చివరి నట్టు బిగిస్తున్నాడు అచ్చిబాబు అనే రైతు. నాట్లకి ముందు పొలాన్ని బురదగా తొక్కే ఇనప రెక్కల చక్రాలు అవి. అతని బాబాయి కొడుకు శాంతికుమార్ మోటారు సైకిలు దిగుతూనే సరుగుడు కర్రతో అతని వీపు మీద బాదాడు.

"నా బోదెకి గండి కొట్టి నీళ్లు మళ్లిస్తావట్రా? నా నారు ఎండబెడతావా?"

రెండో దెబ్బకి అచ్చిబాబు నుదురు చిట్లింది. అతను కిందికి వంగి చక్రాల స్పానరు అందుకుని శాంతికుమార్ మోకాలి మీద కొట్టాడు. ఎండు కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. శాంతికుమార్ నేలమీద పడి కాలు పట్టుకుని కేకలు పెట్టాడు. మరో దెబ్బ మోచేతి మీద, ఇంకోటి పక్కటెముకల మీద. జనం పోగయ్యారు గానీ, తిరుగుతున్న స్పానరు దగ్గరికి ఎవరూ రాలేదు. అప్పుడు అచ్చిబాబు ట్రాక్టరెక్కి ఇంజను వేశాడు.

"ఇయ్యాల నిన్ను దమ్ము చేసేస్తానొరే!"

ఇనప రెక్కలు నేలను కొరుక్కుంటూ కదిలాయి. శాంతికుమార్ ఒక మోచేతి మీద వెనక్కి పాకి, ఇక పాకలేక ఆగిపోయాడు. రెండు చేతులూ పైకెత్తి "అన్నయ్యా, వద్దన్నయ్యా" అంటున్నాడు.

ఆ చేతులు చూశాక భీమరాజు ఎలా పరిగెత్తాడో అతనికే తెలియదు. వెనకనుంచి ట్రాక్టరెక్కి, అచ్చిబాబు భుజం మీదుగా వంగి, ఇంజను ఆపే రాడ్డు పట్టుకుని లాగాడు. అచ్చిబాబు స్పానరుతో అతని తల మీద కొట్టాడు. చెవి పైన తగిలింది. మళ్లీ కొట్టాడు. భీమరాజు రాడ్డు వదల్లేదు. ఇంజను దగ్గి ఆగింది. రెక్క అంచు శాంతికుమార్ చొక్కాని నేలకి నొక్కిపెట్టి నిలిచిపోయింది.

అప్పుడు జనానికి ధైర్యం వచ్చింది. అచ్చిబాబుని కిందికి లాగి, పోలీసులు వచ్చేదాకా కొట్టారు. శాంతికుమార్‌ని ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లారు.

"మీరూ ఎక్కండి, తల చూపించుకుందురుగాని," అన్నాడు చిట్టియ్య.

"చిన్న దెబ్బేనండి. రక్తం కూడా ఆగిపోయింది," అని భీమరాజు మధ్యాహ్నం దాకా లేతు మీద షాఫ్టు ఒకటి చెక్కి, భోజనానికి ఇంటికి వెళ్లాడు.

భార్య రామలక్ష్మి పసుపు అద్ది గుడ్డ కట్టింది. అన్నం రెండు ముద్దలు తిని, పెరట్లోకి వెళ్లి వాంతి చేసుకున్నాడు. ఆమె ఆటో పిలుస్తానంటే, ఈ గేరు బిగించాక వెళ్దామన్నాడు. అరుగు మీద ట్యాంకు బోర్లించి, పాత గేరు తీసి కొత్తది వేశాడు. స్క్రూ రెండుసార్లు వేళ్లలోంచి జారింది.

"ముప్పై ఏళ్ల కాపరంలో మీరు ఒకళ్ల జోలికి వెళ్లగా నేను చూళ్లేదు. ఇయ్యాల ఏం పుట్టిందండీ మీకు?" అంది రామలక్ష్మి.

అతను స్క్రూ బిగించడం పూర్తిచేశాడు.

"యుద్ధంలో ఓ కందకం అడ్డొచ్చింది. లోపల మనుషులున్నారు. మీంచి పోనిమ్మని ఆర్డరు. అద్దంలోంచి చూస్తే ఒకడు చేతులెత్తాడు. ఇరవయ్యేళ్లుంటాయేమో వాడికి, నాకూ అంతే. పోనిచ్చాను. అంత బరువు బండి, కింద ఏమున్నా తెలీదంటారు. నాకు చేతిలో ఉన్న లివర్లలో తెలిసింది. సాయంత్రం పట్టాల్లో ఇరుక్కున్నవి నేనే పారతో గీకి తీశాను."

రామలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మరి మళ్లీ ఇదెందుకు కొన్నారండీ?" అంది.

"ఏమో. షాపులో చూశాక వదిలేసి రాలేకపోయాను." తర్వాత, ఆమె వైపు తిరిగి అన్నాడు. "ఇయ్యాల ఆపాను, రామలక్ష్మీ."

"ఆపారండి," అంది ఆమె.

ట్యాంకుని వాకిట్లో దింపి, గోడకి ఆనుకుని కూర్చుని, రిమోటు ఆమె చేతిలో పెట్టాడు. ఇంతకాలం ఆమెను ముట్టుకోనివ్వలేదు.

"నువ్వు నడుపు. నాకు చూపు ఆనట్లేదు."

ఆమె భయపడుతూ రిమోటు మీది పుల్లని ముందుకి నెట్టింది. ట్యాంకు గుర్రుమని కదిలి, గడప ముందు పెట్టిన ఇటుకని ఆగకుండా ఎక్కి దిగింది. రామలక్ష్మికి నవ్వొచ్చింది.

"ఎక్కేసిందండోయ్! ఎలా ఆపాలి దీన్ని?"

"వదిలేస్తే చాలు. అదే ఆగుతుంది," అన్నాడు భీమరాజు, మాట ముద్దగా.

ఆమె వేలు తీసింది. ట్యాంకు ఆగింది. చూశారా అంటూ వెనక్కి తిరిగింది. భీమరాజు తల భుజం మీదికి వాలిపోయి ఉంది. కళ్లు వాకిలి వైపే సగం తెరిచి ఉన్నాయి. చెవిలోంచి సన్నటి నెత్తుటి చార కాలర్లోకి దిగింది.

ఆమె కేక విని వీధి వీధంతా వచ్చింది. ఎవరో నాడి చూసి తల అడ్డంగా ఊపారు. చిట్టియ్య పరిగెత్తుకొచ్చి, గుమ్మం దగ్గర ఒక చెప్పు విప్పి, రెండోది మరిచి భీమరాజు దగ్గరికి వచ్చాడు. వచ్చినవాళ్లు ట్యాంకుకి కాలు తగలకుండా చుట్టూ తిరిగి నడిచారు. పొద్దున వేసిన ముగ్గు మీద రెండు వరసల పట్టాల గుర్తులు లంకె లంకెగా అచ్చుపడి ఉన్నాయి. వాటి చివర ట్యాంకు, బ్యాటరీ అయిపోయేదాకా, ఎండలోనే ముందు దీపాలు రెండూ వెలిగించుకుని నిలబడి ఉంది.